ముందు పలకరింపు, తర్వాతే ఫైలు

పొద్దున్న ఆఫీసుకి వస్తూ దారిలో బండి మీద బత్తాయిలు కొన్నాను. సంచీ బల్ల కింద పెట్టి ఫ్యాను వేసుకునేసరికి గదంతా ఆ వాసన కమ్ముకుంది. పక్క సీటు సుబ్రహ్మణ్యం గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎవరికండీ ఒంట్లో బాగోలేదు?" అని అడిగారు. మా గోదావరి వైపు సంచీ నిండా బత్తాయిలు కనబడితే ఎవరైనా అడిగేది అదే. ఎవరో మంచాన ఉన్నారు, ఈవిడ పలకరించడానికి వెళ్తోంది అనుకుంటారు. ఆ వాసన తగిలిందంటే చాలు, మా రత్నకుమారి గారు నల్ల గొడుగు తలుపు మూల ఆనించి, "ఏమే పద్మా, బయల్దేరదామా?" అంటూ లోపలికి వచ్చినట్టే ఉంటుంది. ఆవిడ పోయారని తెలిసి కూడా తలుపు మూల వైపు ఒకసారి చూశాను.

నిన్న ఒక హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేసి నన్నొక మాట అడిగాడు. ఇవాళ జవాబు చెప్తానన్నాను. అతను అడిగింది చిన్న మాటే గానీ, మా ఉద్యోగంలో దానికి జవాబు చెప్పడానికి చాలామంది భయపడతారు. నాకు ఆ జవాబు నేర్పింది రత్నకుమారి గారు. ఆవిణ్ణి మీరెవరూ చూసి ఉండరు. అందుకే ముందు ఆవిడ గురించి చెప్తాను, తర్వాత ఆ ఫోన్ సంగతి.

లా చదివి, కోర్టులో నల్లకోటు వేసుకుని చెట్టు కింద నిలబడే ఓపిక లేక, రాజమండ్రిలో ఒక ఇన్సూరెన్సు కంపెనీ బ్రాంచిలో క్లెయిముల సీటులో చేరాను. అక్కడ మేనేజరు రత్నకుమారి గారు. పొట్టిగా, కాస్త బొద్దుగా, గంజి పెట్టిన నేత చీరలో ఉండేవారు. బ్యాగు తెరిస్తే ఆఫీసు తాళాల కంటే ముందు వక్కపొడి డబ్బా, అమృతాంజనం సీసా, ఎవరో పిల్లాడికి ఇవ్వడానికి పెట్టుకున్న బిస్కెట్ పొట్లం బయటపడేవి. బస్సెక్కి కూర్చున్న రెండు నిమిషాలకి నిద్రపోయేవారు, అదీ పక్కవాళ్ళ భుజం మీద తల వాల్చి మరీ. ఆవిడ భర్త చాలా ఏళ్ళ క్రితమే పోయారు, పిల్లలు లేరు. "నాకెవరూ లేరని ఎవరన్నారే? మన పాలసీదారులు అందరూ నా వాళ్ళే, ఒక్క ప్రీమియం కట్టనివాళ్ళు తప్ప" అని నవ్వేవారు.

నేను చేరిన కొత్తల్లోనే ఒక లారీ ప్రమాదం క్లెయిము వచ్చింది. దెబ్బ తగిలినాయన ధవళేశ్వరం వైపు ఉంటాడు. నేను ఉత్సాహంగా ఫైలు, ఫారాలు, స్టాంపు ప్యాడు అన్నీ చంకలో పెట్టుకుని బయల్దేరాను. ఆవిడ మెట్ల దగ్గర ఆగిపోయారు.

"అదేంటే చంకలో?"

"క్లెయిం ఫారాలండి. సంతకాలు పెట్టించుకోవాలి కదండీ."

"కాలు విరిగి మంచం మీద పడున్న మనిషి దగ్గరికి స్టాంపు ప్యాడు పట్టుకెళ్తావా? లోపల పెట్టిరా. ముందు పలకరింపు, తర్వాతే ఫైలు."

చేసేది లేక లోపల పెట్టొచ్చాను. దారిలో బత్తాయిలు కొన్నారు, ఒక్కొక్కటీ చేత్తో బరువు చూసి మరీ. వాళ్ళింట్లో కూర్చుని ఆవిడ అడిగిన ప్రశ్నలు వింటే నాకు చిర్రెత్తుకొచ్చింది. నిన్న ఏం తిన్నారు, నిద్ర పడుతోందా, గేదెకి గడ్డి ఎవరు వేస్తున్నారు, పిల్ల పరీక్షలెలా రాసింది. లారీ గురించి ఒక్క ముక్క అడగలేదు. బయటికొచ్చాక నేను ఉండబట్టలేక, "మరి ప్రమాదం సంగతి ఎప్పుడు అడుగుతారండీ?" అన్నాను. "ఎల్లుండి. ఇవాళ పలకరించడానికే వచ్చాం కదా" అని బస్సెక్కి నా భుజం మీద నిద్రపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తల కాస్త బరువుగానే ఉండేది కూడా. కానీ మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ ఇంట్లోవాళ్ళు లారీ ఎటు నుంచి వచ్చిందో, ఎవరు చూశారో, తమ వైపు పొరపాటేమిటో కూడా అడక్కుండానే చెప్పారు. పై ఆఫీసు వాళ్ళకి మాత్రం ఇదంతా తిరుగుడుగానే కనిపించేది. బత్తాయిల ఖర్చు ఏ పద్దు కింద రాయాలని ఒకాయన ఎగతాళిగా అడిగితే, "అది నా జీతంలోదండి, మీరు బెంగపెట్టుకోకండి" అన్నారావిడ.

అలాంటి రోజుల్లో పోలీసు అధికారుల సొసైటీ వాళ్ళు మా దగ్గర ఒక కొత్త పాలసీ తీసుకున్నారు. డ్యూటీలో ఉన్న పోలీసు వల్ల, అతను కావాలని చేయకపోయినా, ఎవరికైనా దెబ్బ తగిలి, ఆ అధికారే సొంతంగా పరిహారం కట్టాల్సివస్తే, అతని తరఫున కంపెనీ కడుతుంది. లాయరు ఖర్చులూ కంపెనీయే చూసుకుంటుంది. పాలసీ గురించి చెప్పడానికి మేమిద్దరం ఒక స్టేషనుకి వెళ్ళాం. హాల్లో ఎస్సైలు, ఏఎస్సైలు బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. వెనకాల నుంచి ఒకాయన లేచి, "ఏంటండీ మేడం, ఇక మా లాఠీలకి కూడా ఇన్సూరెన్సాండీ?" అన్నాడు. అందరూ నవ్వారు.

"లాఠీకి కాదు బాబూ, పొరపాటుకి. కావాలని చెయ్యి చేసుకున్నారనుకోండి, పైసా రాదు. పైగా నేనే వచ్చి మీకు నాలుగు చీవాట్లు పెడతాను" అన్నారావిడ. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది.

తర్వాత షరతులు చదివే పని నాకు అప్పగించారు. అందులో ఒకటి ఇలా ఉంది: ప్రమాదం జరిగినప్పుడు, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా, పాలసీదారుడు తప్పు తనదని ఒప్పుకోవడం గానీ, ఎవరికీ మాట ఇవ్వడం గానీ చేయరాదు. అలా చేస్తే కంపెనీకి బాధ్యత ఉండదు. నేను చదువుకుంటూ పోతుంటే ముందు వరసలో ఉన్న ఒక ఎస్సై చెయ్యి పైకెత్తాడు. పేరు ప్రసాదు. సన్నగా, ఇంకా కాలేజీ కుర్రాడిలా ఉంటాడు. గోదావరి మధ్య లంక ఊళ్ళ వైపు స్టేషనులో పని.

"మేడం, నాకు తెలీక అడుగుతున్నానండి. మా వల్ల ఒక మనిషి దెబ్బతిని పడున్నాడనుకోండి. ఆళ్ళింటికెళ్ళి, పొరపాటైపోయిందండి అనకూడదా మరి?"

నేను కాగితం చూసి, "అనకూడదండి. అంటే ఒప్పుకున్నట్టే" అన్నాను.

"ఊరుకోండి మేడం. ఊళ్ళో ఉండి మొహం చాటేసి తిరగమంటారేంటండీ?"

ఆ రోజు తిరుగు బస్సులో రత్నకుమారి గారు నిద్రపోలేదు. ఆవిడ నా భుజం మీద వాలకపోతే నాకు ఏదోలా అనిపించింది. "ఒంట్లో బాగానే ఉందాండీ?" అని అడిగాను కూడా.

ఆ తర్వాతి వర్షాకాలంలో గోదావరికి వరద వచ్చింది. లంకల్లోకి వెళ్ళే కాజ్‌వేల మీద నీళ్ళు పారాయి. మా వాళ్ళకి అలవాటేగా, మోకాలి లోతు నీళ్ళుంటే దాటెయ్యొచ్చు అనుకుంటారు. సగం దాకా వెళ్ళాక తెలుస్తుంది నీటి ఉరవడి. అందుకని ప్రసాదు ఒక కాజ్‌వేకి ఇవతల రోడ్డుకి అడ్డంగా కొబ్బరితాడు కట్టించి, ఎవరినీ పోనివ్వకుండా కాపలా పెట్టించాడు. తెల్లారీ తెల్లారకుండానే, ముసురు పడుతుండగా, సూరిబాబు అనే అతను టీవీఎస్ బండి మీద వచ్చాడు. కొబ్బరి చెట్లెక్కి దింపు తీయడం అతని పని. వరద ఇంకా పెరిగేలోపు అవతలి తోటలో కాయలు దింపేయమని రైతు కబురు పెట్టాడట. కాపలా కానిస్టేబుల్ టీ తాగడానికి అటు వెళ్ళాడు. తడిసి నల్లబడ్డ తాడు ఆ మసక వెలుతురులో కనబడలేదు. తాడు ఛాతీకి తగిలి సూరిబాబు వెనక్కి విసురుగా పడ్డాడు, కుడి భుజం నుజ్జయింది. ఆపరేషను చేశాక కాకినాడ డాక్టరు చెప్పింది ఒకటే: చెయ్యి కదులుతుంది గానీ తల కంటే పైకి లేవదు. అంటే ఇక చెట్టెక్కలేడు.

తాడు కడితే దానికి ఎర్ర గుడ్డ కట్టాలి, అది అందరికీ తెలిసిన సంగతే. వాన హడావిడిలో ఆ పని జరగలేదు. ప్రసాదు మా ఆఫీసుకొచ్చి కూర్చున్నప్పుడు నేనే మంచినీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకుని తాగడం మర్చిపోయాడు.

"నేనే చూసుకోవాల్సిందండి. తాడు కట్టండ్రా అన్నాను, గుడ్డ కట్టండ్రా అని అన్లేదు. ఆళ్ళింటికి ఒకసారి వెళ్ళొస్తానండి మేడం. ఆ దారంట రోజూ తిరుగుతున్నాను, తలెత్తి చూళ్ళేకపోతున్నాను."

మా కంపెనీ లాయరు గారికి ఫోన్ చేశాం. ఆయన గొంతు స్పీకరులో ఖంగుమంది. "ససేమిరా వెళ్ళకూడదు. ఆ వీధిలో కాలు పెట్టకూడదు. ఒక్కసారి పొరపాటు నాది అన్నారో, పాలసీ వర్తించదు. కేసు మొత్తం ఈయన నెత్తి మీదే పడుతుంది. అప్పుడు ఆ దెబ్బ తిన్నవాడికి ఈయన జీతం నుంచి ఎన్నేళ్ళకి ఎంత వస్తుంది? అతని మేలు కోరి చెప్తున్నా, వెళ్ళొద్దనండి." అది తప్పు సలహా కాదు. అక్కడే చిక్కొచ్చింది. ప్రసాదు నీళ్ళ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మేం వెళ్ళకూడదని ఎవరూ అనలేదు కాబట్టి రత్నకుమారి గారు, నేను వెళ్ళాం. రావులపాలెంలో బస్సు దిగి, ఆటోలో గట్టు మీదుగా. రెండు గదుల పెంకుటిల్లు. గోడకి సూరిబాబు నడుముకి కట్టుకునే తాడు, కత్తి తగిలించి ఉన్నాయి. అతను మంచం మీద కూర్చుని ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుని ఉన్నాడు. గట్టిగా కండపట్టిన మనిషి, ఆ చెయ్యి మాత్రం అప్పుడే సన్నబడటం మొదలైంది. భార్య మంగ మాకు పీట వేసింది. రత్నకుమారి గారు బత్తాయి ఒలిచి, తొనలు విడదీసి, గింజలు తీసి అతని ఎడం చేతిలో పెట్టారు. మంగ ఆ చేతినే చూస్తూ ఏడుపు మొదలెట్టింది.

"ఊరంతా వచ్చారండమ్మగారు. పక్కూరోళ్ళొచ్చారు, తోట రైతులొచ్చారు. మాతో మాటల్లేనోళ్ళు కూడా వచ్చి చూసెళ్ళారు. తాడు కట్టించినాయన మాత్రం రాలేదండి. రోజూ జీపు ఈ వీధంటనే పోద్ది. ఇయ్యాల వత్తారేమో, రేపు వత్తారేమోనని చూసామండి. ఓ మాట పలకరిత్తే ఆయన సొమ్మేం పోద్దండీ? కుక్కకి దెబ్బ తగిలినా దిగి చూత్తారు."

రత్నకుమారి గారు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నారు. ఆయన్ని రానీయకుండా ఆపింది మేమే అని చెప్పలేక నా కళ్ళు నేల మీదే ఉన్నాయి. నాకు ఆ క్షణంలో కంపెనీ మీద, ఆ షరతు రాసిన మహానుభావుడి మీద పట్టరాని కోపం వచ్చింది. ఎక్కడో పెద్ద ఊళ్ళో, పక్కింట్లో ఎవరున్నారో తెలియని చోట కూర్చుని రాసి ఉంటాడు. మా ఊళ్ళలో దెబ్బ తిన్న ఇంటికి వెళ్ళకపోవడమంటే ఆ మనిషిని మనిషిగా లెక్క చేయకపోవడమే.

సూరిబాబు వాళ్ళు లాయరు నోటీసు పంపారు. రత్నకుమారి గారు పై ఆఫీసుతో పోట్లాడి, కోర్టు దాకా సాగదీయకుండా లోక్ అదాలత్‌లో రాజీ పడదామని ఒప్పించారు. సూరిబాబు ఇల్లు మళ్ళీ నిలబడేంత పరిహారం అది. నేను కబురు చెప్పడానికి వెళ్తూ దారి పొడుగునా సంతోషపడ్డాను. మంగ మొత్తం విని, మొగుడి వైపు చూసింది. సూరిబాబు నెమ్మదిగానే చెప్పాడు, "మాకొద్దండి."

"అదేంటి సూరిబాబూ, మీకే మంచిది కదా? కేసు ఆడితే ఏళ్ళు పడుతుంది."

"పడనీండి. గుమ్మంలోకి రానోళ్ళు డబ్బులు పంపితే ఏమంటారండీ దాన్ని? కొట్టి, చిల్లర ఇసిరినట్టుంటది. నా చెయ్యి పోయిందిగానీ సిగ్గు పోలేదండి."

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. వాదించి వాదించి నా గొంతే ఎండిపోయింది. ఆఫీసుకి వచ్చి అదే చెప్పాను. లాయరు గారికైతే పండగే. "వద్దన్నారా? ఇంకేం, కోర్టులో చూసుకుందాం. మూసిన దారిలో బండి నడిపాడు, తప్పు అతనిదే అందాం" అన్నారు. ఇటు సూరిబాబు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలియదు, అటు ప్రసాదు బదిలీ అడుగుతున్నాడని విన్నాం. వెళ్ళాల్సిన మనిషి ఒక్కసారి ఒక గుమ్మంలోకి వెళ్తే తీరిపోయేదానికి ఇన్ని తంటాలు.

రత్నకుమారి గారు పాలసీ కాగితం తెప్పించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆ షరతు మళ్ళీ మళ్ళీ చదివారు. భోజనం బాక్సు తెరిచి కూడా తినలేదు. చాలాసేపటికి నన్ను పిలిచారు.

"ఇది చదువు. 'కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా' అని ఉందా లేదా?"

"ఉందండి."

"అంటే అనుమతి ఉంటే వెళ్ళొచ్చు, చెప్పొచ్చు. ఇంతమందిమి 'చేయరాదు' అనేదే చూస్తున్నాం. ఇంత మొత్తం వరకూ క్లెయిములు తేల్చే అధికారం బ్రాంచిదేగా? అయితే ఇక్కడ కంపెనీ అంటే ఎవరే?"

"మీరేనండి" అన్నాను. అని, భయం వేసింది. "కానీ మేడం, ఎవరూ ఇలా ఇవ్వరండి. పై వాళ్ళని అడగకుండా ఇస్తే ఊరుకోరు. మీ రిటైర్మెంటు ముంగిట్లో ఎందుకండీ ఈ తలనొప్పి? మెమో ఇస్తారు, పెన్షను కాగితాలు ఆపుతారు."

"అడిగితే వద్దంటారు. అందుకే అడగటంలేదు." పెన్ను తీసుకున్నారు. మూత తీసి నా వైపు చూశారు. "భయం లేదనుకున్నావా? ఉంది. నాకూ ఉందే. అయినా ఆ పిల్ల 'వత్తారేమోనని చూసామండి' అంది చూడు, అది నన్ను పడుకోనివ్వట్లేదు" అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ రాసింది చాలా చిన్నది. ఎస్సై ప్రసాదు గారు సూరిబాబు గారి ఇంటికి వెళ్ళి పలకరించడానికి, జరిగింది జరిగినట్టు చెప్పడానికి కంపెనీ అనుమతిస్తోంది, దానివల్ల పాలసీకి ఏ లోటూ రాదు. కింద సంతకం, ముద్ర. ముద్ర ఆవిడే వేశారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. "రేపు ఎవరైనా అడిగితే నీ పేరు రాకూడదు" అన్నారు.

మర్నాడు ముగ్గురం కలిసి వెళ్ళాం. ప్రసాదు యూనిఫాం వేసుకోకుండా, మామూలు చొక్కాతో వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచీ. ఆటోలో మాకు ఎదురుగా కూర్చుని ఆ సంచీని ఒళ్ళో రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఏమనాలండీ మేడం?" అని ఒకసారి అడిగాడు. "నేనేం రాసివ్వలేదు నాయనా, నీకు వచ్చిందే అను" అన్నారావిడ.

మంగ గుమ్మంలో నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ప్రసాదు చెప్పులు విడిచి, వంగి లోపలికి వెళ్ళి, మంచం దగ్గర నిలబడిపోయాడు. కూర్చోవడానికి పీట ఉన్నా కూర్చోలేదు.

"తాడు కట్టించింది నేనేనండి. ఎర్ర గుడ్డ కట్టించాల్సింది కూడా నేనే. చూసుకోలేదు. పొరపాటు నాదేనండి. ఇంత ఆలస్యంగా వచ్చాను, అదింకో తప్పు."

సూరిబాబు ఎడం చేత్తో కుడి చేతిని ఒళ్ళోకి సర్దుకున్నాడు. తర్వాత అతను తల పైకెత్తాడు.

"ఆ తాడు లేపోతే ఆ రోజు నాతోపాటు ఇంకో ఇద్దరు ఏట్లోకి పోయేవోరండి. నాకు తెలుసు. నేనూ దాటేద్దామనే వచ్చాను. తాడు కట్టినందుకు కాదండి నా బాధ." కాస్త ఆగి, "ఏం మంగా, మనిషి నిలబడే ఉన్నాడు, చూత్తావేంటే? కాఫీ పెట్టు" అన్నాడు.

ప్రసాదు అప్పుడు కూర్చున్నాడు. కూర్చుని, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. రత్నకుమారి గారు కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చారు, నేనూ ఏడ్చాను, అందులో దాచడానికేముంది? మంగ కాఫీ గ్లాసు ప్రసాదు చేతికిస్తూ, "పంచదార సరిపోయిందాండి?" అని అడిగింది. "ఆయ్, సరిపోయిందండి" అన్నాడతను ఇంకా తాగకుండానే. దాంతో సూరిబాబుకి నవ్వొచ్చింది.

రాజీ కాగితాల మీద సూరిబాబు ఎడం చేత్తో సంతకం పెట్టాడు. ఆ పరిహారంతో కొబ్బరి తోట ఒకటి కౌలుకి తీసుకున్నాడు. ఇప్పుడు దింపు తీసేవాళ్ళని అతనే కింద నిలబడి అదిలిస్తూ ఉంటాడు. మొదట్లో చెట్టు వైపు చూస్తే దుఃఖం వచ్చేదని మంగ చెప్పింది. వచ్చి ఉంటుంది. డబ్బు ఇచ్చిందేదీ ఆ చేతిని పైకి లేపలేదు.

మా ఆఫీసులో మాత్రం అనుకున్నదే జరిగింది. ఎవరి అధికారంతో ఆ అనుమతి ఇచ్చారని మెమో వచ్చింది. "పాలసీలో ఉన్న అధికారంతో" అని ఒక్క వాక్యం జవాబు రాశారావిడ. పెద్ద జవాబు రాసి క్షమాపణ అడగమని నేను బతిమాలాను. "క్షమాపణ అడగాల్సిన పని చేసుంటే అడిగేదాన్నే, నాకు సిగ్గేం లేదు" అన్నారు. విచారణ అంటూ రిటైరయ్యాక కూడా ఆవిణ్ణి తిప్పారు. చివరికి ఏమీ తేలక ఫైలు మూసేశారు. వీడ్కోలు సభకి పై నుంచి ఒక్కరూ రాలేదు. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. ఆవిడ మాత్రం ఆ సాయంత్రం తెచ్చిన జీడిపప్పు ఉప్మా బావుందని రెండోసారి వేయించుకున్నారు.

రెండేళ్ళ క్రితం ఆవిడ ఆసుపత్రిలో చేరారని తెలిసి పరుగెత్తాను. మనిషి సగమైపోయారు. కిటికీ గట్టు మీద బత్తాయిలు, కొబ్బరి బొండాలు పేర్చి ఉన్నాయి. సూరిబాబూ మంగా లంక నుంచి వచ్చి వెళ్ళారట. ప్రసాదు ఇప్పుడు వేరే జిల్లాలో సీఐ, అతనూ వచ్చి ఒక పూట మంచం పక్కనే కూర్చున్నాడట. నేను వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. మెల్లగా తెరిచి నా చేతుల వైపు చూశారు.

"కాగితాలేమైనా తెచ్చావా?"

"లేదండి."

"బత్తాయిలు?"

"తెచ్చానండి."

"అయితే కూర్చో" అన్నారు. నవ్వారు కూడా. నేను తొనలు ఒలిచి గింజలు తీసి ఇచ్చాను. రెండు తిన్నారు. తర్వాత నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు, ఎప్పుడూ బస్సులో పడుకున్నట్టే. ఈసారి ఆ తల ఏమంత బరువు లేదు. నేను చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. ఆ వారంలోనే ఆవిడ పోయారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. అన్నీ ఫోన్‌లోనే అయిపోతున్నాయి. ఫోటో తీసి పంపమంటున్నాం, యాప్‌లో నొక్కమంటున్నాం. అయినా నా చేతిలో ఉన్న క్లెయిముల వరకు ముందు పలకరింపే. నిన్న ఫోన్ చేసిన హెడ్ కానిస్టేబుల్ సంగతి ఇది: జాతర బందోబస్తులో జనాన్ని ఆపుతుంటే, అతను నెట్టిన ఇనుప బారికేడు ఒక ముసలావిడ మీద పడింది. ఆవిడ తుంటి ఎముక విరిగింది. లాయరు వెళ్ళొద్దన్నాడు. "మేడం, ఆవిడ మా అమ్మ వయసండి. ఆసుపత్రి వరండా దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చేశాను. నేను లోపలికి వెళ్ళొచ్చాండి?" అని అడిగాడు.

పొద్దున్న రాగానే అనుమతి రాసి, సంతకం పెట్టాను. నాకూ భయం వేసింది, అబద్ధం చెప్పను. ముద్ర నేనే వేశాను. తర్వాత అతనికి ఫోన్ చేశాను.

"అనుమతి ఇచ్చానండి, కాగితం మీ స్టేషనుకి పంపిస్తున్నాను. సాయంత్రం నేనూ వస్తాను, ఇద్దరం కలిసి లోపలికి వెళ్దాం."

"ఏమని చెప్పాలండీ మేడం?" అన్నాడు.

"మీకు వచ్చిందే చెప్పండి" అన్నాను. "బత్తాయిలు నేను కొన్నాను. మీరు కూడా ఉత్త చేతుల్తో రాకండి."